ఖాళీ స్థలాన్ని రేపటి కొనుగోలుదారు కళ్ళతో చూడటం

పెట్టుబడి కోసం ఖాళీ స్థలం కొనబోయేవారికి అందరూ చెప్పే సలహా ఒక్కటే: కాగితాలు సరిగా చూసుకోండి. సలహాలో తప్పేమీ లేదు గానీ ఏ కాగితాలు, ఎంత వెనక్కి వెళ్ళి, ఎవరి కళ్ళతో చూడాలో అందులో లేదు. ఇల్లు కట్టుకుని ఉండటానికి కొనేవారు తమ అవసరాన్ని బట్టి కొన్ని లోపాలతో సర్దుకుపోగలరు. ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో అమ్ముకుందామని కొనేవారికి ఆ వెసులుబాటు ఉండదు, ఎందుకంటే వారి లాభం ఎంతో తేల్చేది అప్పుడు కొనడానికి వచ్చే ఎవరో తెలియని మనిషి. ఆ మనిషి బహుశా బ్యాంకు రుణంతో వస్తాడు. బ్యాంకు తరఫు న్యాయవాది లింక్ డాక్యుమెంట్లన్నీ (స్థలం ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) తిరగేస్తాడు, ఇంటి ప్లాను కోసం దరఖాస్తు పెట్టుకుంటే మున్సిపాలిటీ మరికొన్ని పత్రాలు అడుగుతుంది. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా బేరం తప్పిపోవచ్చు, లేదా ఆ లోపాన్ని చూపించి ధర తగ్గించమనవచ్చు. కనుక స్థలాన్ని అంచనా వేయడమంటే, ఆ మనిషి పదేళ్ళ తర్వాత అడగబోయే ప్రశ్నలను బయానా (అడ్వాన్సు) ఇవ్వకముందే మనం అడగడం.

ముందుగా రిజిస్ట్రేషన్ గురించి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద జరిగేది లావాదేవీ నమోదు మాత్రమే; ఫలానా భూమికి ఫలానావారే యజమాని అని ప్రభుత్వం దానితో హామీ ఇవ్వదు. స్టాంపు సుంకం చెల్లించారా, సంతకం పెట్టిన మనిషి తానని చెప్పుకుంటున్న మనిషేనా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా అన్నవి సబ్ రిజిస్ట్రార్ చూస్తారు. అమ్ముతున్న మనిషికి అమ్మే హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో లోతుగా విచారించడం ఆయన పని కాదు. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతిని తెస్తున్నామంటూ ఆంధ్రప్రదేశ్ 2023 అక్టోబరులో అమల్లోకి తెచ్చిన భూమి హక్కు చట్టం తీవ్ర వివాదాల మధ్య 2024లో రద్దయింది. తెలంగాణలో 2020 నాటి భూ రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. పోర్టళ్ళూ చట్టాలూ మారుతున్నా, అమ్మేవారి హక్కును తేల్చుకునే భారం కొనేవారి మీదే ఉండిపోయింది.

హక్కును తేల్చడమంటే ఇవాళ్టి దస్తావేజు నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవడం. అమ్మేవారికి ఎవరు అమ్మారు, వారికి ఎలా వచ్చింది, కొనుగోలా వారసత్వమా పంపకమా దానమా అని ఒక్కొక్క మెట్టు దిగుతూ, ఆ భూమి రెవెన్యూ రికార్డులో మొదట ఏ పేరున ఎక్కిందో అక్కడి దాకా వెళ్ళాలి. ముప్పై ఏళ్ళ లింకు చాలని బజారులో ఒక మాట ఉంది. ప్రైవేటు వ్యక్తుల మధ్య తగాదాలకు అది చాలావరకు పనికొస్తుంది గానీ భూమి పుట్టుకలోనే ఉన్న లోపాన్ని పట్టి ఇవ్వదు. తెలంగాణ జిల్లాల్లో అందుకు 1954-55 నాటి ఖాస్రా పహాణీ (ఏ సర్వే నంబరు ఎవరి పట్టాలో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు), సేత్వార్ (మొదటి సర్వే రికార్డు) చూడాలి. కోస్తా, రాయలసీమల్లో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, పాత అడంగళ్ళు చూడాలి. జాగీర్ల రద్దు, ఇనాముల (సేవకు ప్రతిఫలంగా ఇచ్చిన భూముల) రద్దు, కౌలుదారుల రక్షణ చట్టం, భూదానం, సీలింగ్ (భూ గరిష్ఠ పరిమితి) అన్నీ ఈ నేల మీద ఒకదాని వెంట ఒకటి నడిచాయి కాబట్టి, ఇప్పుడు పట్టాగా కనిపిస్తున్న భూమి ఒకప్పుడు ఇనామో, రక్షిత కౌలుదారుదో, సీలింగ్ మిగులో అయ్యుండే అవకాశం చిన్నదేమీ కాదు. ఇనాం భూమి అయితే ఆక్యుపెన్సీ హక్కు పత్రం (ఇనాం రద్దయ్యాక ప్రభుత్వం ఇచ్చే హక్కు పత్రం) ఎవరి పేరున వచ్చిందో తేలాలి. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భావేకు అందిన 100 ఎకరాలతో మొదలైన భూదానం కింద పేదలకు పంచిన భూమిని అమ్ముకునే వీలు లేదు. అయినా అలాంటి సర్వే నంబర్లలో ప్లాట్లు పడ్డ సంగతి హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు.

పాత రికార్డులో కొన్ని మాటలు కనిపిస్తే అక్కడే ఆగాలి. శిఖం అంటే చెరువు నీరు నిలిచే నేల. పోరంబోకు, గైరాన్ అంటే గ్రామ అవసరాలకు వదిలిన ప్రభుత్వ భూమి. లావణి పట్టా, డి-పట్టా అంటే పేదలకు సాగు కోసం ఇచ్చిన అసైన్డ్ భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం దాన్ని కొన్నా ఆ కొనుగోలు చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. అసైన్ చేసి 20 ఏళ్ళు దాటిన భూములపై మూల లబ్ధిదారులకు పూర్తి హక్కు ఇచ్చేలా ఆంధ్రప్రదేశ్ 2023లో చట్టం సవరించింది, ఆ మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక అలా ఫ్రీహోల్డ్ అయిన భూముల రిజిస్ట్రేషన్లను ఆపి విచారణ మొదలుపెట్టింది. ఇలాంటి భూమి మార్కెట్ ధరకంటే బాగా తక్కువకు దొరుకుతుంది. ఆ తగ్గింపును లాభంగా లెక్కవేసుకునేవారు, రేపు తామూ అంతే తగ్గించి అమ్మాల్సి వస్తుందన్న సంగతి వదిలేస్తారు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, సీలింగ్ మిగులు భూముల జాబితాను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఏ స్థలానికైనా మొదట చేయాల్సిన పరీక్ష ఇదే, ఎందుకంటే ఖర్చు లేదు, నిమిషాల్లో తేలిపోతుంది. అయితే జాబితాలో పేరు లేనంత మాత్రాన భూమి స్వచ్ఛమైనదని అర్థం కాదు. జాబితాలు పెరుగుతూ ఉంటాయి.

ఇక ఈసీ. ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో నమోదైన లావాదేవీలే కనిపిస్తాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, రిజిస్టరు కాని ఒప్పందం, అన్నదమ్ముల మధ్య నోటి మాటగా జరిగిన పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో రావు. కంప్యూటర్ ఈసీ సాధారణంగా 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది మాన్యువల్‌గా తీయించాలి. తెలంగాణలో 2020 చివరి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహశీల్దారు కార్యాలయాల్లో జరుగుతున్నందున, ఆ మధ్య సాగు భూమిగా చేతులు మారి తర్వాత వెంచరైన స్థలానికి రెండు చోట్లా వెతకాలి. వెతికే నంబరు కూడా ముఖ్యమే. సర్వే నంబరుకు బై నంబర్లు (ఉపవిభాగాలు) వేసి ఉంటే ఒక్కొక్క బై నంబరుకూ, మూల నంబరుకూ, ప్లాటు నంబరుకూ విడివిడిగా ఈసీ తీయాలి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాతదానికీ కొత్తదానికీ లంకె కుదరకపోతే ఈసీ ఖాళీగా వస్తుంది, ఖాళీ ఈసీని చూసి సంతోషించే ప్రమాదమూ ఉంది.

ఈసీ చేతికొచ్చాక చాలామంది చివరి వరుసలో అమ్మేవారి పేరు ఉందా లేదా అని మాత్రం చూస్తారు. చూడాల్సింది విస్తీర్ణాల కూడిక. ఒక సర్వే నంబరు మొత్తం 6 ఎకరాల 20 గుంటలు అనుకుందాం, అంటే 260 గుంటలు. పాత యజమాని 1974లో 2 ఎకరాలు, 1988లో 3 ఎకరాలు, 1996లో మరో ఎకరం 30 గుంటలు అమ్మినట్టు ఈసీలో ఉంది. కూడితే 6 ఎకరాల 30 గుంటలు, అంటే 270 గుంటలు. ఉన్నదానికంటే 10 గుంటలు ఎక్కువ అమ్మేశారు. గుంటకు 121 గజాల చొప్పున అది 1,210 గజాలు, 200 గజాల ప్లాట్లు ఆరు. 1996లో కొన్న చివరి ఎకరం ముప్పై గుంటల్లోనే ఆ ఆరు ప్లాట్లకు సరిపడా నేల లేదు. దస్తావేజులు మాత్రం పక్కాగా ఉన్నాయి. లేని హక్కును ఎవరూ అమ్మలేరు కాబట్టి అక్కడ కొన్నవారి చేతిలో మిగిలేది కాగితమే, లేదా పక్కవారి హద్దు మీద తగాదా. ఒక తెల్లకాగితం, పెన్ను ఉంటే చేసుకోగల ఈ కూడికను మధ్యవర్తులు చేయరు, చేయనివ్వడానికి ఇష్టపడరు.

మన కుటుంబాల్లో అంతగా పట్టించుకోని మరో చిక్కు ఆడపిల్లల వాటా. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకు కుమారులతో సమానంగా హక్కు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లో ఉంది, అయితే అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005లో కేంద్ర సవరణ వచ్చి ఆ తేడా పోయింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు చట్టబద్ధంగా జరిగిన పంపకాలకూ అమ్మకాలకూ మాత్రం రక్షణ ఉంది. దీని అర్థమేమంటే, పిత్రార్జితాన్ని ముగ్గురు అన్నదమ్ములు అమ్మి, పెళ్ళయి వెళ్ళిన ఇద్దరు ఆడపడుచుల సంతకాలు దస్తావేజులో లేకపోతే, ఆ స్థలం మీద రేపెప్పుడైనా ఒక దావా రావచ్చు. "మా అక్కలు ఏమీ అడగరండీ" అని అమ్మేవారు చెప్పే మాట నిజమే కావచ్చు గానీ, గజం ధర పది రెట్లు పెరిగాక అక్కలు కాకపోయినా వారి పిల్లలు అడుగుతారు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తెప్పించుకొని, అందులో ఉన్న ప్రతి పేరునూ దస్తావేజులోని సంతకాలతో సరిచూసుకోవాలి. మైనరు వాటాను సంరక్షకులు అమ్మి ఉంటే కోర్టు అనుమతి ఉందో లేదో చూడాలి. లేకపోతే ఆ మైనరు మేజరయ్యాక మూడేళ్ళ లోపు ఆ అమ్మకాన్ని రద్దు చేయమని అడగవచ్చు.

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే యజమాని తరఫున వ్యవహరించే అధికార పత్రం) మీద నడిచిన స్థలాల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సేల్ అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా కలిపి రాసుకున్నంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. సేల్ అగ్రిమెంటునూ జీపీఏనూ కలిపి రాసుకునే, మన దగ్గర ఏజీపీఏ అని పిలిచే దస్తావేజు రిజిస్టరయినా, దానివల్ల వచ్చేది కొనుక్కునే హక్కే తప్ప యాజమాన్యం కాదు. లింకులో ఏజీపీఏ కనిపిస్తే, దాన్ని ఇచ్చిన అసలు యజమాని ఆ తర్వాత జరిగిన అమ్మకం నాటికి బతికి ఉన్నారా, మధ్యలో రద్దు చేశారా అన్నవి తేలేదాకా ముందుకు పోకూడదు.

హక్కు తేలాక వచ్చే ప్రశ్న, ఆ నేల మీద ఏం చేయడానికి అనుమతి ఉంది అన్నది. ఖాళీ స్థలం విలువంతా భవిష్యత్తు వాడకంలోనే ఉంటుంది కాబట్టి పెట్టుబడిదారుడికి ఇది హక్కుతో సమానమైన ప్రశ్న. సాగు భూమిని ఇళ్ళ స్థలంగా మార్చాలంటే ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన నాలా చట్టం కింద రుసుము కట్టి మార్పిడి చేయించాలి. ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని ఎత్తివేసే నిర్ణయం 2025లో తీసుకుంది కాబట్టి అక్కడ ప్రస్తుత పద్ధతి ఏమిటో కొనే నాటికి కనుక్కోవాలి. ఆ తర్వాత లేఅవుట్ అనుమతి. వెంచర్ల బోర్డుల మీద పెద్దక్షరాలతో ఉండే ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు తుది అనుమతిదా, ముసాయిదాదా అన్నది సంబంధిత సంస్థ వెబ్‌సైటులోనే తేలుతుంది. రోడ్లు, డ్రైనేజీ పూర్తి చేస్తారన్న హామీగా లేఅవుట్‌లో కొంత భాగాన్ని, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలో 15 శాతాన్ని, అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా పెడతారు. పనులు పూర్తయి తుది లేఅవుట్ విడుదలయ్యేదాకా ఆ ప్లాట్లను అమ్మకూడదు. కాబట్టి లేఅవుట్ ప్లాను ముందు పెట్టుకొని మన ప్లాటు నంబరు ఆ తనఖా వరుసలో ఉందేమో చూడటం అయిదు నిమిషాల పని. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. నమోదు కాకముందే ప్రకటనలివ్వడం, బుకింగులు తీసుకోవడం 2016 నాటి రెరా చట్టం ప్రకారం నేరం. ప్రీలాంచ్ ఆఫర్ అంటే ఆ నేరాన్ని తగ్గింపు ధర అన్న పేరుతో అమ్మడమే అని నా అభిప్రాయం.

ఫార్మ్ ప్లాట్ల పేరుతో గుంటల్లో అమ్మే భూమి మరో సంగతి. దాన్ని కొన్నవారికి దక్కేది వ్యవసాయ భూమిలో ఒక ముక్క. ఇంటి ప్లాను రాదు, అంతర్గత రోడ్లు గ్రామ పంచాయతీవి కావు, మామిడి మొక్కలు ఎండిపోయాక నిర్వహణ సంస్థ ఉండదు. అనుమతి లేని పాత లేఅవుట్లలోని ప్లాట్లకు క్రమబద్ధీకరణ పథకాలు వస్తుంటాయి, తెలంగాణలో 2020 నాటి ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) దరఖాస్తులు ఏళ్ళ తరబడి పెండింగులో ఉండి 2025లో రుసుములో 25 శాతం రాయితీతో కదిలాయి. అయితే చెరువు, నాలా (వాననీటి కాలువ), ప్రభుత్వ భూమి, మాస్టర్ ప్లాన్ రోడ్డు ఉన్నచోట ఎల్‌ఆర్‌ఎస్ రాదు. దరఖాస్తు రసీదును అనుమతిగా చూపించి అమ్మేవారు చాలామంది.

మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, ప్రతిపాదిత రోడ్డు దాని మీదుగా పోతోందో లేదో చూడాలి. తెలంగాణలో చెరువు పూర్తి నీటిమట్టం గీత నుంచి, పది హెక్టార్లు అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. 2024 జూలైలో ఏర్పడిన, చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలుపెట్టాక హైదరాబాద్‌లో ఈ సంఖ్యలకు ఒక్కసారిగా ప్రాచుర్యం వచ్చింది గానీ అవి కొత్తవి కావు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహకంలోని 84 గ్రామాలకు ఆంక్షలు పెట్టిన 111 జీవో 1996 నాటిది. అది ఎత్తేస్తారన్న ఆశ మీద అక్కడ దశాబ్దాలుగా భూములు చేతులు మారుతూనే ఉన్నాయి; అలాంటి చోట కొనేవారు తాము స్థలంతో పాటు ఒక రాజకీయ నిర్ణయాన్నీ కొంటున్నామని తెలుసుకొని కొంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

నేల దగ్గరికి వెళ్ళడానికి సరైన సమయం వర్షాకాలం. వెంచరు వారు కారు పంపేది ఎండాకాలం ఆదివారాల్లో. గట్టి వాన కురిసిన మర్నాడు సొంతంగా వెళ్ళి నీరు ఎటు నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తోందో చూస్తే ఏ నివేదికా చెప్పని విషయం తెలుస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలోనూ మునిగిన కాలనీల్లో చాలావాటికి కాగితాల్లో లోపమేమీ లేదు. నల్లరేగడి అయితే పునాది ఖర్చు పెరుగుతుంది కాబట్టి ఇల్లు కట్టేవారు ఆ మేరకు ధర తగ్గించి అడుగుతారు. చదునుగా కనిపిస్తున్న నేల పాత క్వారీ గుంతను మట్టితో పూడ్చినది కాదని తెలుసుకోవడానికి పశువులు కాసుకునేవారిని అడగటమంత మంచి పద్ధతి లేదు. పైన హైటెన్షన్ తీగలుంటే వాటి కింద వదలాల్సిన వెడల్పు 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35 మీటర్లు. గోదావరి జిల్లాల్లో భూమి లోపల గ్యాస్ పైపులైను ఉందేమో కూడా చూడాలి, వాటి మార్గం మీద నిర్మాణాలు కుదరవు.

స్థలానికి దారి అన్నిటికంటే మోసపూరితమైన విషయం. కంటికి కనిపించే మట్టిరోడ్డు గ్రామ నక్షలో బండ్ల బాటగా ఉందా, కోస్తాలో అయితే డొంకగానో పుంతగానో నమోదైందా, లేక పక్క రైతు మంచితనం మీద నడుస్తోందా అన్నది తేలాలి. రైతు తన భూమి అమ్మిన రోజున ఆ మంచితనం అయిపోతుంది. నక్ష, టిప్పన్ లేదా ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకళ్ళు పట్టుకొని లైసెన్సు ఉన్న సర్వేయరుతో పక్క హద్దుదారుల సమక్షంలో కొలిపించి, దస్తావేజులోని నాలుగు హద్దులు నేల మీద సరిపోతున్నాయో లేదో చూడాలి. కొలతల్లో విస్తీర్ణం ఒకటి చెప్పి, చెక్కుబందీ (నాలుగు హద్దుల వివరం) మరొకటి చెబితే ఆ తేడాను సవరణ దస్తావేజుతో సరిచేయించాకే ముందుకు పోవాలి.

ఇవన్నీ సరిపోయాక మాత్రమే ధర. 200 గజాల ప్లాటు గజం 15,000 చొప్పున 30 లక్షలు అనుకుందాం. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు 7.5 శాతం, అంటే 2.25 లక్షలు. మధ్యవర్తికీ న్యాయవాదికీ సర్వేకూ పావు లక్ష, ప్రహరీకీ ఎనిమిదేళ్ళ ఖాళీ స్థలం పన్నుకూ మరో లక్ష వేసుకుంటే మొత్తం 33.5 లక్షలు. ఇదే డబ్బు 7 శాతం వడ్డీకి ఎనిమిదేళ్ళు ఉంటే దాదాపు 57.5 లక్షలవుతుంది. అంటే ఈ ప్లాటు ఎనిమిదేళ్ళకు గజం 28,800 దగ్గర అమ్ముడైతేనే, పన్నుల మాట పక్కన పెడితే, డిపాజిట్‌తో సమానమైనట్టు. ధర ఏటా ఎనిమిదిన్నర శాతం పెరిగితే తప్ప అది జరగదు. "ఎనిమిదేళ్ళలో రెట్టింపయింది" అని గొప్పగా చెప్పుకునే పెరుగుదల ఏడాదికి 9 శాతమే, పదిహేనేళ్ళలో మూడు రెట్లయితే 7.6 శాతమే. ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, అవసరానికి సగం ముక్క అమ్ముకోవడానికి కుదరదు, అమ్మకానికి పెట్టిన నెలలోనే కొనేవారు దొరుకుతారన్న భరోసా లేదు. ఈ మూడింటికీ కలిపి డిపాజిట్ కంటే కనీసం నాలుగైదు శాతం అదనంగా రావాలని నేను లెక్కవేసుకుంటాను. అంతకంటే తక్కువ ఆశతో కొనడంలో పెట్టుబడి కోణం కంటే భూమి మీద మమకారమే ఎక్కువ.

చుట్టుపక్కల ధర ఎంతో తెలుసుకోవడానికి వెంచరు వారి రేటు పనికిరాదు. అదే వెంచరులో ప్లాటు అమ్మాలనుకుంటున్నామని నలుగురు స్థానిక మధ్యవర్తులకు ఫోన్ చేసి, ఎంతకు ఎన్నాళ్ళలో అమ్మిపెడతారని అడిగితే అసలు మార్కెట్ కనిపిస్తుంది. ఈసీ ఇక్కడ కూడా పనికొస్తుంది. మూల సర్వే నంబరుకు తీసిన ఈసీలో అమ్మినవారంతా డెవలపరే అయితే అక్కడ ఇంకా పునర్విక్రయ మార్కెట్ పుట్టలేదని అర్థం. ఒకసారి కొన్నవారు మళ్ళీ మూడో మనిషికి అమ్మిన ఎంట్రీలు ఏటా కనిపిస్తుంటే బయటపడే దారి ఉన్నట్టు. వేలం ధరలతో పోల్చడం మరో తప్పు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100 కోట్లు దాటిందన్న వార్తను పట్టుకొని అక్కడికి యాభై కిలోమీటర్ల దూరంలోని గ్రామాల్లో కూడా ధరలు పెంచారు. ఆకాశహర్మ్యాలకు అనుమతి, వెడల్పాటి రోడ్లు, వివాదం లేని హక్కు ఉన్న ఆ భూమి ధర నుంచి 30 అడుగుల రోడ్డున్న ప్లాటు ధరను లెక్కగట్టే సూత్రమేదీ లేదు.

ప్రకటనల మీద కొనడంలో ఉన్న నష్టానికి మనకు అమరావతి కంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. 2014-15లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకు ఇచ్చారు, 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, ధరలు ఎగిశాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక కొనేవారే లేకుండా పోయారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చింది, 2024లో ప్రభుత్వం మారింది, పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఈ పదేళ్ళలో అక్కడి మట్టి మారలేదు, హక్కు పత్రాలు మారలేదు. అప్పు చేసి కొన్నవారిలో చాలామంది మధ్యలోనే అమ్ముకోవాల్సి వచ్చింది, అప్పు లేనివారు వేచి చూడగలిగారు. భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి రాయి నాడు కొన్నవారి వడ్డీ లెక్క రెండో రాయి దాకా నడుస్తూనే ఉంది. ప్రాజెక్టు వస్తుందా రాదా అన్నదాంతోపాటు, ఎంత ఆలస్యమైతే మన లెక్క తప్పుతుందో కూడా ముందే వేసుకోవాలి.

ప్రాజెక్టు నిజంగా వచ్చి మన స్థలం మీదుగానే పోతే ఏమవుతుందన్నది హైదరాబాద్ చుట్టూ వచ్చే ప్రాంతీయ రింగ్ రోడ్డు అలైన్‌మెంటు దగ్గర కొన్నవారు ఇప్పుడు వేసుకుంటున్న ప్రశ్న. 2013 నాటి భూసేకరణ చట్టం పరిహారాన్ని ప్రభుత్వ విలువ, సమీపంలో గత మూడేళ్ళలో రిజిస్టరయిన ధరల ఆధారంగా కడుతుంది. ఊరంతా సగం ధర చూపించి సగం నగదుగా ఇచ్చుకుంటే పరిహారం ఆ సగం మీదే వస్తుంది. స్థిరాస్తి బేరంలో 20 వేల రూపాయలు, ఆపై నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం. పైగా తక్కువ చూపిన కొనుగోలు ధర మన అమ్మకం నాడు లేని లాభాన్ని సృష్టిస్తుంది. రెండేళ్ళు దాటిన స్థలం మీద లాభానికి 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కి ముందు కొన్నవాటికి నివాసులు ద్రవ్యోల్బణ సర్దుబాటుతో 20 శాతం పద్ధతిని ఎంచుకోవచ్చు. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న గ్రామీణ సాగు భూమిపై లాభానికి పన్ను లేదన్నది నిజమే, కానీ దాన్ని ప్లాట్లు చేసి అమ్మితే ఆ మినహాయింపు పోతుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్ళు ప్రవాస భారతీయులుగా ఇళ్ళ స్థలం కొనవచ్చు గానీ సాగు భూమి, ఫార్మ్‌హౌస్ కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. సెలవులకు వచ్చినప్పుడు ఫార్మ్ ప్లాటు అంటగట్టే ఏజెంట్లు ఈ మాట చెప్పరు.

చేతిలో డబ్బున్నా బ్యాంకుకు ప్లాటు రుణం దరఖాస్తు పెట్టడం మంచి పద్ధతి. రుణం తీసుకోకపోయినా, మన లాభంతో సంబంధం లేని ఒక న్యాయవాది, ఒక విలువ కట్టే నిపుణుడు ఆ స్థలాన్ని చూసినట్టవుతుంది. ఒక బ్యాంకు సరేనంటే హక్కు రుజువైనట్టు కాదు. రెండు బ్యాంకులు కాదంటే మాత్రం రేపు మన దగ్గర కొనేవారికీ అవే బ్యాంకులు కాదంటాయి. ఇ-కోర్టుల వెబ్‌సైటులో అమ్మేవారి పేరు, వారి తండ్రి పేరుతో వెతికి పెండింగు దావాలు చూడాలి, ఎందుకంటే దావా నడుస్తుండగా కొన్నవారికి ఆ తీర్పు వర్తిస్తుంది. బయానా చిన్న మొత్తంగా చెక్కు ద్వారా ఇచ్చి, హక్కు లోపం బయటపడితే ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో అగ్రిమెంటులో రాయించుకొని, ఆ మధ్య కాలంలో స్థానిక దినపత్రికలో పబ్లిక్ నోటీసు వేయించాలి. నోటీసు వేస్తామంటే బేరం వద్దనే అమ్మకందారులుంటారు. వారితో బేరం అక్కడితో ఆపేయడం మేలు.

రిజిస్ట్రేషన్ అయ్యాక మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) చేయించుకొని, మున్సిపాలిటీ పరిధి అయితే ఖాళీ స్థలం పన్ను మన పేరున కడుతూ, హద్దురాళ్ళు వేసి కంచె కట్టి, ఏడాదికి రెండుసార్లు తేదీ కనిపించేలా ఫోటోలు తీసి పెట్టుకోవాలి. పరాయి మనిషి పన్నెండేళ్ళు బహిరంగంగా, యజమాని హక్కును ధిక్కరిస్తూ స్వాధీనంలో ఉంటే 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అసలు యజమాని దావా హక్కు పోతుంది. విదేశాల్లో ఉండేవారు బంధువులకు జీపీఏ ఇవ్వాల్సి వస్తే అమ్మే అధికారం లేకుండా, సంరక్షణ, పన్ను చెల్లింపు, పోలీసు ఫిర్యాదు వరకే పరిమితం చేసి రాయించుకోవాలి. పన్ను రసీదులు, ఫోటోలు, సర్వేయరు స్కెచ్, లింక్ డాక్యుమెంట్ల సర్టిఫైడ్ నకళ్ళు, ఎప్పటికప్పుడు తీసిన ఈసీ అన్నీ ఒకే ఫైలులో ఉంచాలి. పదేళ్ళ తర్వాత కొనడానికి వచ్చిన మనిషి తరఫు న్యాయవాది మొదట అడిగేది ఆ ఫైలునే.